కుంపటి టెంటు బయటే

చలికాలం వస్తే చాలు, బొగ్గుల కుంపటి పక్కన పెట్టుకుని పడుకున్నవాళ్ళు తెల్లారి లేవలేదన్న వార్త పేపర్లో కనిపిస్తుంది. మొన్న కూడా చదివాను. అదే సమయానికి మా వీధి కుర్రాళ్ళు పెద్ద కాన్వాసు టెంటు కొని, సంక్రాంతి సెలవులకు నెల్లూరు నుంచి లంబసింగి బయల్దేరుతున్నారు. టార్చిలైట్లు, దుప్పట్ల గురించి వాళ్ళకు నేను చెప్పక్కర్లేదు.

టెంటును ముందు ఇంటి దగ్గరే వేసి తడపండి. కొత్త నూలు కాన్వాసు మొదటిసారి కుట్ల దగ్గర కారుతుంది. తడిసి ఆరేసరికి నూలు ఉబ్బి సూది రంధ్రాలు పూడుకుంటాయి. రెండుసార్లు తడిపి, బాగా ఆరాకే మడవండి. తడిగా మడిస్తే బూజు పడుతుంది.

పొయ్యిని కూడా ఇంటి దగ్గరే, ఆరుబయట, అందరికీ సరిపడా అన్నం వండి చూడండి. ట్యూబుకీ రెగ్యులేటర్‌కీ సబ్బు నురగ రాయండి. బుడగ లేస్తే లీకున్నట్టే. అగ్గిపుల్లతో చూడొద్దు. గ్యాసు గాలికన్నా బరువు. లీకయితే నేల మీదే, మీ పడకల ఎత్తులోనే నిలుస్తుంది.

ఇక మేం లంబసింగి వెళ్ళినప్పుడు చేసిన తప్పు. బయల్దేరే ముందు నెల్లూరులో మేడ మీద పిల్లర్ చువ్వలకు తాళ్ళు కట్టి టెంటు వేసి చూశాం. లోపల కూర్చుని టీ తాగి, గాలి బాగా ఆడుతోంది అనుకున్నాం. నెల్లూరులో తలుపు గుడ్డ ఎవరు మూస్తారు? లంబసింగిలో అర్ధరాత్రి అందరూ మూస్తారు. పైగా మంచుకు తడిసిన కాన్వాసు నేత బిగుసుకుని గాలి చొరనివ్వదు. చలికి తట్టుకోలేక మా బావమరిది కోడి కాల్చిన కుంపటి లోపలికి తెచ్చాడు. ‘మంట లేదు, పొగ లేదు, నిప్పులే కదా బావా’ అన్నాడు. తెల్లవారుజామున నాకు తల పగిలిపోతోంది, వాంతి వస్తోంది. రాత్రి తిన్నది పడలేదనుకున్నా. మాతో వచ్చిన పెద్దాయన బయటికెళ్దామని లేచి గుమ్మంలోనే కూలబడ్డాడు. ఆయన పట్టుకున్న గుడ్డ ఊడి చలిగాలి తగిలాక గానీ మిగతావాళ్ళకు మెలకువ రాలేదు.

పొగ లేని నిప్పే ప్రమాదం. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ ఉండాల్సిన చోటును ఆక్సిజన్ కన్నా 200 రెట్లు గట్టిగా పట్టుకుంటుంది.

కుంపటి లోపలికి తేవద్దు. వంట బయటే. పడుకునే ముందు రెగ్యులేటర్ ఆపండి. బొగ్గుల మీద నీళ్ళు పోసి కలియబెట్టండి, బూడిద కప్పితే ఆరినట్టు కాదు. పైన గాలి కంతలు గుడ్డలతో కుక్కొద్దు. నూలు తాళ్ళు తడిస్తే బిగుస్తాయి, రాత్రికి కాస్త వదులు చేయండి. తాగినవాడికి పొయ్యి అప్పగించొద్దు. ఒక్కరు తలనొప్పి అన్నా అందర్నీ లేపి బయటికి లాగండి, తర్వాత ఆస్పత్రి. కుంపటి బయటే. వాన పడినా బయటే. పిల్లలు వణుకుతున్నారన్నా బయటే, ఇంకో దుప్పటి కప్పండి.

మా బావమరిది లాంటివాడు మీ గుంపులోనూ ఒకడుంటాడు. నిప్పు ఆర్పే పని వాడికి ఇవ్వకండి.