పడవ అడుగు రంగు, 4వ పాఠం: ఏ డబ్బా కొనాలి?

నీటిలో పడవ అడుగుకు గుల్ల పట్టకుండా వేసే రంగు గురించే ఈ పాఠాలు. గత పాఠం తర్వాత వచ్చిన ఫిర్యాదులన్నీ ఒకటే: కొత్త రంగు పెచ్చులుగా ఊడుతోందని. ఉప్పుకాగితం బాగానే పట్టారు, ప్రైమరూ వేశారు. కింద ఉన్న పాత రంగు ఏ రకమో మాత్రం చూడలేదు. అది తేలకుండా డబ్బా కొనవద్దు.

తడిగుడ్డతో అడుగును గట్టిగా రుద్దండి. గుడ్డకు రంగు బాగా అంటితే అది నీటిలో కొద్దికొద్దిగా అరిగే రకం. అంటకపోతే గట్టి రకం. గట్టిదాని మీద అరిగేది నిలుస్తుంది. అరిగేదాని మీద గట్టిది నిలవదు. రెండో సందర్భంలో పాతదంతా గీకాల్సిందే. గీకేటప్పుడు తడిపి గీకండి, ఆ ధూళి విషం.

ఇక ఎంపిక. కాకినాడ, విశాఖ హార్బర్లలో నీటిలోనే ఉండే మరపడవలకు నేను అరిగే రకమే కొంటాను. ఏటేటా పొరలు పేరుకుపోవు. రోజూ ఒడ్డుకు లాగే ఫైబర్ తెప్పలకు ఈ ఖర్చే దండగ. తగరం (టిన్) సమ్మేళనం కలిపిన పాత రంగు భలే పనిచేసేదని ఎవరైనా ఊరిస్తే వినకండి. దాన్ని నిషేధించిన అంతర్జాతీయ ఒప్పందం 2008లోనే అమల్లోకి వచ్చింది.

ఇప్పుడు నాకు ఒళ్లు మండే విషయం. ఈ రంగుల్లో చాలావాటిలో గుల్లను ఆపేది రాగే. 'రాగి ఎక్కువున్నది ఇవ్వు' అని అడిగి తెచ్చి, అల్యూమినియం మీద పూస్తారు. ఉప్పునీటిలో రాగి, అల్యూమినియం కలిస్తే బ్యాటరీ తయారైనట్టే, అల్యూమినియం తినేసుకుపోతుంది. 'నాది ఫైబర్ పడవ కదా' అంటారు. మరి వెనక వేలాడే ఔట్‌బోర్డు ఇంజను కాలు దేనితో చేశారు? అల్యూమినియమే! దానికి రాగి లేని రంగు వేయండి. అడుగుకు వేసిన రాగి రంగుకూ దాని బిగింపుకూ మధ్య కనీసం అంగుళం ఖాళీ వదలండి. ఇంజను లోహానికి బదులు తాము అరిగిపోయేలా బిగించే జింకు దిమ్మల మీద ఏ రంగూ పడకూడదు, చుక్క కూడా. రంగు పూస్తే అవి పనిచేయవు.

డబ్బా అడుగున రాగి పేరుకుని ఉంటుంది, పుల్లతో పైపైన తిప్పితే రాదు.

అభ్యాసం: నాలుగు చెక్కముక్కలు తీసుకోండి. మూడింటికి మూడు రంగులు, ఒకటి ఉత్తది. మీ పడవ కట్టేచోటే మీటరు లోతున వేలాడదీసి, ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలయ్యేదాకా పదిహేను రోజులకోసారి ఫోటో తీయండి. ఏది గుల్ల పట్టిందో రాసుకున్నాకే దుకాణానికి వెళ్లండి.