బ్యాండు పేరు ఖాయం చేసుకునే ముందు

నల్లగొండ, మహబూబ్‌నగర్ కాలేజీల్లో కొత్తగా రాక్ బ్యాండు కడుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, డ్రమ్ము మీద పేరు రాయించకముందే, ఆ పేరుతో మరొకరు పాడుతున్నారేమో యూట్యూబులోనూ, ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైటులో వినోద సేవలకు చెందిన 41వ తరగతిలోనూ, ఇంగ్లిషు అక్షరాలను రెండు మూడు రకాలుగా మార్చి వెతకండి. ‘టీ సెట్’ పేరుతో వాయిస్తున్న లండన్ కుర్రాళ్లకు అదే పేరుగల ఇంకో బృందం ఎదురైనప్పుడు, వాళ్లలో ఒకడైన సిడ్ బారెట్ అనే కుర్రాడు పింక్ ఆండర్సన్, ఫ్లాయిడ్ కౌన్సిల్ అనే ఇద్దరు బ్లూస్ గాయకుల పేర్లు కలిపి ‘పింక్ ఫ్లాయిడ్’ అన్నాడు. అమెరికాలోని ‘బ్లింక్’ బృందం, అదే పేరున్న ఐర్లండు బృందం అభ్యంతరంతో, 1995లో తన పేరుకు 182 అంకె తగిలించుకుంది. నా మటుకు ఇలా అంకె తగిలించుకోవడం కన్నా కొత్త పేరే మేలనిపిస్తుంది. ఎవరైనా విడిపోతే పేరు ఎవరికి చెందుతుందో కూడా ఇప్పుడే కాగితం మీద రాసి, అందరూ సంతకాలు చేయండి.