జర్మనీలో వేసవి పరిశోధనకు బయలుదేరే ముందు జాగ్రత్తలు

విశాఖపట్నం నుంచి వేసవి పరిశోధన ఇంటర్న్‌షిప్‌కు జర్మనీ వెళ్లే విద్యార్థి ముందుగా తేదీలు లెక్క చూసుకోవాలి. బస 90 రోజులు దాటితే షెంజెన్ వీసా (ఐరోపాలోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే స్వల్పకాలిక వీసా) సరిపోదు, జర్మనీ ఇచ్చే దీర్ఘకాలిక జాతీయ వీసా తీసుకోవాలి. షెంజెన్ వీసాకైతే తిరుగు ప్రయాణం తరువాత కనీసం 3 నెలలు పాస్‌పోర్టు చెల్లాలి, వైద్య బీమా 30,000 యూరోలకు తగ్గకూడదు.

ఇంట్లో ప్రేమతో కట్టి ఇచ్చే నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్లను ఐరోపా సమాఖ్య నిబంధనలు అనుమతించవు కాబట్టి, పెద్దలు నొచ్చుకోకుండా ముందే చెప్పాలి. ఆవకాయ డబ్బాకు గట్టిగా సీలు వేయించి చెక్-ఇన్ సామానులో, పవర్‌బ్యాంకును చేతిసంచిలో పెట్టుకోవాలి.

ప్రయోగశాలలో భద్రతా శిక్షణ పూర్తికాకుండా ఏ పరికరాన్నీ ముట్టుకోకూడదు; ప్రచురణ కాని ఫలితాల ఫొటోలు మిత్రులకైనా పంపేముందు ప్రొఫెసర్ గారి అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యమని నేను భావించేది అక్కడి జనజీవనంలో కలవడం. తెలుగువారి గదికే పరిమితం కాకుండా, సహపరిశోధకులు భోజనానికి పిలిచినప్పుడు వెళ్లాలి, శాకాహారులైతే ఆ సంగతి ముందే చెప్పాలి, అనుకున్న సమయానికి చేరుకోవాలి. ఆదివారం దుకాణాలు దాదాపుగా మూసి ఉంటాయి కనుక సరుకులు శనివారమే కొనుక్కోవాలి. రాత్రి 10 గంటల తరువాత చప్పుడు చేయకూడదు.

అత్యవసర నంబరు 112. వేసవిలో అక్కడి గడియారం మనకంటే మూడున్నర గంటలు వెనుక ఉంటుందని ఇంట్లోవారికి చెప్పి, ఫోను చేసే వేళ నిర్ణయించుకోవాలి.