శిష్యత్వ పాఠాలు – 4: ముందు కదిలింది ఎవరు?

పోయిన పాఠంలో లూకా 14వ అధ్యాయం మొత్తం చదివి, యేసును వెంబడిస్తే మీకు ఏమేం ఖర్చవుతుందో ఒక కాగితం మీద రాయమన్నాను. చాలామంది నిజాయితీగా రాసి పంపారు. ఈసారి ప్రార్థన గురించి రాయాల్సింది. మీ కాగితాలు చదివాక దాన్ని పక్కన పెట్టాను.

కావలి నుంచి ఒక అక్క, "ఇంత ఖర్చు నా వల్ల కాదు బ్రదర్. శిష్యురాలినయ్యే యోగ్యత నాకెక్కడిది? ఆదివారం గుడికి వెళ్ళొస్తే చాలులే అనిపించింది" అని రాశారు. చీమకుర్తి క్వారీలో పనిచేసే తమ్ముడు తాగుడు పూర్తిగా మానేశాకే బాప్తిస్మం అడుగుతానన్నాడు. ఒంగోలులో దుకాణం నడిపే ఒకాయన కాగితం మధ్యలో గీత కొట్టారు. ఎడమవైపు దేవుడు తనకు చేసినవి, కుడివైపు తను తిరిగి చేయాల్సినవి. కొడుకు ఉద్యోగానికి ఎదురుగా దశమభాగం. భార్య ఆపరేషన్‌కి ఎదురుగా నలభై రోజుల ఉపవాసం.

ముగ్గురూ 28వ వచనం దగ్గర, గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకునే మాట దగ్గర ఆగిపోయారు. అదే అధ్యాయంలో 16 నుంచి 24 వరకు ఏముంది? గొప్ప విందు. బీదల్ని, అంగహీనుల్ని, కుంటివాళ్ళని, గుడ్డివాళ్ళని వీధుల్లోంచి లోపలికి పిలుచుకు రమ్మంటాడు యజమాని. వాళ్ళ చేతిలో ఏముందని అడగడు. ఆ విందు కథ అయ్యాకే ఖర్చు మాట వస్తుంది. లూకా పెట్టిన వరుస అది. వరుస తప్పితే ఆ అధ్యాయం భయపెట్టే అధ్యాయం అయిపోతుంది.

కాబట్టి ఈ పాఠంలో పిలుపు వాక్యభాగాల్ని ఎలా చదవాలో నేర్చుకుందాం. మార్కు సువార్త తీయండి. నాలుగు సువార్తల్లో ఈ పనికి నాకు మార్కే ఇష్టం. మాటలు తక్కువ, పనులు ఎక్కువ. ఫోన్‌లో వద్దు, అచ్చు బైబిలే కావాలి. పాత అనువాదమైతే మరీ మంచిది. పైకి చదవండి, పెన్సిల్ దగ్గర పెట్టుకోండి. ముందు కదిలింది ఎవరో ఆ మాట కింద గీత గీయండి. పిలుపు వచ్చిన క్షణంలో ఆ మనిషి ఏం చేస్తున్నాడో చూడండి. అతను ఏం వదిలాడన్నది చివరికే. దగ్గరి దారి కావాలంటే, మొదటి గీత ఒక్కటి సరిగ్గా పడితే సగం పాఠం వచ్చేసినట్టే.

మార్కు 2:14 చూద్దాం. లేవి సుంకపు మెట్టు దగ్గర, అంటే పన్ను వసూలు చేసే చోట, కూర్చుని ఉన్నాడు. రాజీనామా చేయలేదు, ఎక్కువ వసూలు చేసింది ఎవరికీ తిరిగివ్వలేదు, సమాజమందిరంలో ఎవరి ముందూ ఒప్పుకోలేదు. జనం అసహ్యించుకునే ఆ సీట్లోనే, బహుశా ఎదుట డబ్బులు పెట్టుకునే ఉన్నాడు. యేసు దారిన పోతూ చూశాడు. తన్ను వెంబడించమన్నాడు. అప్పుడు లేవి లేచాడు. చూడటం, పిలవడం రెండూ యేసువి. లేవడం ఒక్కటే లేవిది, అది మూడోది. ఆ తర్వాత భోజనానికి కూర్చుంటే పక్కన ఎవరున్నారు? పాత స్నేహితులే, సుంకరులూ పాపులూ.

ఆ రోజుల్లో యూదుల్లో చదువుకోవాలనుకున్నవాడు తనే గురువును వెతుక్కోవడం వాడుక. ఇక్కడ గురువే వెతుక్కుంటూ వచ్చాడు. 1:16-20లో జాలరులది కూడా ఇదే వరుస. అది మీరే గీయగలరు.

ఇప్పుడు 5:18-20. దయ్యాలు పట్టి సమాధుల్లో తిరిగిన మనిషి బాగుపడి, పడవ ఎక్కబోతున్న యేసును తనతో ఉండనిమ్మని బతిమాలుకున్నాడు. అన్నీ వదిలి రావడానికి సిద్ధం. మన లెక్క ప్రకారం ఇంతకంటే మంచి శిష్యుడు దొరకడు. యేసు వద్దన్నాడు. ఇంటికి వెళ్ళి, ప్రభువు నీకు చేసిన మేలు, నిన్ను కనికరించిన సంగతి నీ వాళ్ళకు చెప్పమన్నాడు. అతను దెకపొలి అనే ఆ ప్రాంతంలో చెప్పుకుంటూ వెళ్ళాడు. కాబట్టి ఇల్లు వదలడం ఒక పిలుపు, ఇంటికి వెళ్ళడం ఇంకో పిలుపు. రెండూ ఆయన ఇచ్చేవే. ఉద్యోగం మానేసి పరిచర్యలోకి దూకితేనే శిష్యుడని టెన్షన్ పడేవాళ్ళు ఈ మూడు వచనాలు ఈ వారమంతా చదవండి.

ఇక నన్ను నిజంగా బాధపెట్టేది ఒంగోలు అన్నయ్య గీసిన గీత. ఆయన ఒక్కరిదే కాదు. కృతజ్ఞత కూడికల్లో, సాక్ష్యాల్లో ఈ లెక్క ఎప్పుడూ వింటూనే ఉంటాం: దేవుడు ఇంత చేశాడు, అందుకని నేను ఇంత తిరిగి ఇస్తున్నాను. పెళ్ళిలో చదివింపుల పుస్తకం పెట్టుకుంటాం కదా. ఎవరు ఎంత రాయించారో చూసుకుని, వాళ్ళింట్లో పెళ్ళికి అంతే, వీలైతే ఓ వంద కలిపి రాయిస్తాం. బంధువుల మధ్య అది మర్యాదే. దేవుడి దగ్గర ఆ పుస్తకం తెరిస్తే మాత్రం కృప అక్కడే చచ్చిపోతుంది. ఎందుకంటే తిరిగి ఇవ్వగలిగింది వరం కాదు, చేబదులు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. బాకీ తీరిందనుకున్న రోజు మనిషి ఆగిపోతాడు. నలభై రోజుల ఉపవాసం అయిపోయిన నలభై ఒకటో రోజు ఏం చేస్తాడు? బాకీ తీరదని తెలిసినవాడు భయంతో బతుకుతాడు. కావలి అక్కది ఆ భయమే.

ఎఫెసీ 2:8 మన సంఘాల్లో పిల్లలకు కూడా కంఠతా వచ్చు: రక్షణ మనవల్ల కలిగింది కాదు, దేవుని వరం. 10వ వచనం దాకా వెళ్ళేవాళ్ళు తక్కువ. మనం చేయాల్సిన సత్క్రియల్ని దేవుడు ముందే సిద్ధపరిచాడని అక్కడుంది. అంటే తిరిగి ఇస్తున్నామనుకుంటున్న పని కూడా ఆయన మన చేతిలో పెట్టిందే. పౌలు 1 కొరింథీ 15:10లో అందరికంటే ఎక్కువ ప్రయాసపడ్డానంటాడు. వెంటనే, ప్రయాసపడింది నేను కాదు, నాకు తోడుగా ఉన్న దేవుని కృపే అంటాడు. బద్ధకానికి అక్కడ చోటు లేదు, బాకీకీ లేదు.

మన గడ్డ మీదే దీనికి పెద్ద సాక్ష్యం ఉంది. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వించే కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి దొరికేలా చేశాడు. బోధకులే మేస్త్రీలు. జనం విశ్వసిస్తున్నా, ఆ సాయం నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. కూలి డబ్బుకీ బాప్తిస్మానికీ ముడి పడకూడదని. సాయం పని ముగిశాక జనం మళ్ళీ వచ్చారు. ఎక్కువమంది ఊరు అంటరానివాళ్ళని దూరం పెట్టిన మాదిగలు. డబ్బు లేదు, వెళ్ళిపొమ్మన్నా కదల్లేదు. మా చేతుల బొబ్బలు చూడండి, కష్టపడే బతుకుతాం, వచ్చే పంట పోతే చచ్చిపోతాం, చచ్చినా క్రైస్తవులుగానే చస్తాం అన్నారని క్లౌ తర్వాత రాశాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. చేతికి వచ్చేది ఏమీ లేదు, ఇవ్వడానికీ వాళ్ళ దగ్గర ఏమీ లేదు. ఆ నీళ్ళలో దిగినవాళ్ళ మునిమనవలు ఇవాళ మన సంఘాల్లో కూర్చుని చదివింపుల లెక్క రాస్తుంటే నాకు మనసు ఒప్పుకోదు.

అక్కా, యోగ్యత చూసి పిలిచి ఉంటే పన్నెండుమందిలో ఒక్కరూ ఉండేవాళ్ళు కాదు. ఆదివారంతో సరిపెట్టుకోకండి. తమ్ముడూ, లేవి లేచాక సీటు వదిలాడు, వదిలాక పిలిపించుకోలేదు. ఈ వారమే మీ పాస్టరు గారి దగ్గరికి వెళ్ళి తాగుడు సంగతి దాచకుండా చెప్పు. మానడానికి డాక్టరు సాయం కావాలంటే తీసుకో, అది కూడా కృపలో భాగమే. ఖర్చు కాగితాలు ఎవరూ చించకండి. వచ్చే పాఠానికి కావాలి.

అభ్యాసం. మీ సాక్ష్యం ఒక పేజీ రాయండి. మొదటి సగంలో "నేను" చేసిన పని ఒక్కటి కూడా ఉండకూడదు. "నేను నమ్మాను", "నేను నిర్ణయించుకున్నాను" అన్నవి కూడా కుదరవు. దేవుడు ఏం చేశాడు, ఎవరిని పంపాడు, ఏ వాక్యం వినిపించాడు, అంతే. కష్టంగా ఉంటుంది, రెండు మూడుసార్లు తిరగరాయాల్సి వస్తుంది. రెండో సగంలో మీరు లేచి ఏం చేశారో రాయండి. పూర్తయ్యాక ఇంట్లో ఒకరికి చదివి వినిపించండి. మార్కు 10:17-22 కూడా పెన్సిల్‌తో చదవండి. అక్కడ పరుగెత్తుకుంటూ వచ్చింది ఎవరో చూడండి. 21వ వచనంలో ఏమీ వదలమనకముందే యేసు ఏం చేశాడో దాని కింద గీత గీయండి.

వచ్చే పాఠం మార్కు 8:34, సిలువ ఎత్తుకోవడం.