చరిత్ర చదవడం ఎలా? 4వ పాఠం: పన్ను తగ్గిస్తే గొడవ ఎందుకు పెరిగింది?

పోయిన పాఠం చివర ఒక ప్రశ్న ఇచ్చాను. అమెరికాలోని తన వలసల (కాలనీల) మీద బ్రిటన్ 1764 నుంచి కొత్త పన్నులు ఎందుకు వేసింది? మీలో చాలామంది "యుద్ధం అప్పులు తీర్చడానికి" అని రాసి ఉంటారు. సగం మార్కులే. ఫ్రాన్స్‌తో ఏడేళ్ల యుద్ధం 1763లో ముగిసేసరికి బ్రిటన్ అప్పు దాదాపు రెట్టింపైన మాట నిజమే. కానీ 1764 నాటి చక్కెర చట్టం పీఠిక, అంటే చట్టం ఎందుకో చెప్పే ముందుమాట, తెరిస్తే, వచ్చే డబ్బు వలసల రక్షణ ఖర్చు కోసమని ఉంటుంది. అంటే యుద్ధం అయిపోయాక కూడా అక్కడే ఉంచాలనుకున్న సుమారు 10,000 మంది సైనికుల ఖర్చు. శత్రువు వెళ్లిపోయాక సైన్యం ఎందుకన్న అనుమానం అక్కడి జనానికి రాకుండా ఎలా ఉంటుంది?

పీఠిక చదవడం అలవాటైంది కాబట్టి ఇవాళ ఇంకో మెట్టు ఎక్కుదాం. చట్టంలో పన్ను రేటును పక్కన పెట్టి చదవడం.

"పన్నుల భారం పెరిగింది, ప్రజలు తిరగబడ్డారు." నేను పరీక్షలకు చదివేటప్పుడు ఈ వాక్యాన్నే బట్టీ పట్టాను. బిట్లకు పనికొచ్చింది, అర్థం చేసుకోవడానికి మాత్రం అడ్డుపడింది. ఎందుకంటే ఈ కథలో రెండు ముఖ్యమైన చోట్ల జనం కట్టాల్సింది తగ్గింది. గొడవ మాత్రం ముదిరింది.

నోట్‌బుక్ తీయండి. రేటును పేజీ మూలన చిన్నగా రాసేయండి. మిగతా పేజీ మూడు ప్రశ్నలకు: వసూలైన డబ్బు దేనికి పోతుంది? ఎగ్గొడితే కేసు ఎవరు వింటారు? ఎవరిని అడిగి వేశారు?

మొదట 1764 నాటి చక్కెర చట్టం. 1733 నుంచీ విదేశీ దీవుల మొలాసిస్ (చక్కెర తీశాక మిగిలే మడ్డి) మీద గ్యాలన్‌కు 6 పెన్నీల సుంకం ఉంది, కాగితం మీద. దానితో రమ్ము కాచే న్యూ ఇంగ్లండ్ (ఈశాన్య వలసల) వ్యాపారులు ఆ సుంకాన్ని పెద్దగా పట్టించుకోలేదు, అధికారులూ చూసీచూడనట్టు పోయేవారు. కొత్త చట్టం దాన్ని 3 పెన్నీలకు దించింది. సగానికి సగం తగ్గింపు! కానీ ఈసారి నిజంగా వసూలు చేస్తారు. ఇప్పుడు రెండో ప్రశ్న వేయండి. సరుకు పట్టుబడితే కేసును జ్యూరీ లేని నౌకాదళ న్యాయస్థానానికి, కావాలంటే ఎక్కడో ఇప్పటి కెనడాలో ఉన్న హాలిఫాక్స్‌కు పట్టుకుపోవచ్చు. సుంకం కట్టానని రుజువు చేసుకోవాల్సింది సరుకు యజమానే. ఊళ్లో కోర్టయితే జ్యూరీలో కూర్చునేది ఇరుగుపొరుగువాళ్లు, వదిలేసేవారు. వ్యాపారులకు మండింది ఇక్కడ.

1765 మార్చి నాటి స్టాంపు చట్టం తేలికే, గబగబా చూసేద్దాం. పత్రికలు, కోర్టు కాగితాలు, లైసెన్సులు, చివరికి పేకముక్కలు, పాచికలు కూడా స్టాంపు వేయించుకోవాలి. దెబ్బ ముందుగా తగిలింది లాయర్లకు, అచ్చాఫీసులవాళ్లకు. నోరూ కలమూ ఉన్నవాళ్లని కదిలిస్తే ఊరుకుంటారా! మూడో ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే దొరుకుతుంది. పార్లమెంటులో వలసలకు సభ్యుడే లేడు. ఆగస్టులో మసాచుసెట్స్ వలసలోని బోస్టన్‌లో ఒక గుంపు స్టాంపుల పంపిణీదారు ఆండ్రూ ఆలివర్ దిష్టిబొమ్మను చెట్టుకు వేలాడదీసింది, ఆయన ఆ పని వదులుకున్నాడు. 1766 మార్చిలో చట్టం రద్దయింది. అక్కడితో పెన్ను దించకండి. ఒక చట్టం రద్దయిందని కనిపిస్తే, దానితోపాటు ఇంకేం పాసైందో చూడాలి. వలసల మీద ఎలాంటి విషయంలోనైనా శాసనం చేసే హక్కు తమకుందని పార్లమెంటు ఆ రద్దుతోపాటే ఇంకో చట్టం చేసుకుంది. సంబరాల్లో దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ.

ఇక అసలు పరీక్ష 1773 నాటి టీ చట్టం. ఈస్టిండియా కంపెనీ అప్పుల్లో ఉంది, లండన్ గోదాముల్లో టీ గుట్టలు పడి ఉంది. (1766లో నిజాంతో ఒప్పందం చేసుకుని మన ఉత్తర సర్కారులు పట్టిన కంపెనీయే ఇది. టీ మాత్రం మన అస్సాం టీ కాదు, చైనాది.) కంపెనీ టీని నేరుగా అమెరికాకు పంపి అమ్ముకోవచ్చని చట్టం చెప్పింది, ఇంగ్లండ్‌లో కట్టిన సుంకం వాపసు ఇచ్చింది. దాంతో టీ చవకైంది. అమెరికాలో కట్టాల్సిన పాత సుంకం, పౌండు బరువుకు 3 పెన్నీలు, మాత్రం అలాగే ఉంది.

అయినా ఆ ఏడాది చివర బోస్టన్‌లో ఆ టీని సముద్రంలో పారబోశారు. చవకగా వస్తుంటే పారబోయడం ఏంటి? మన ప్రశ్నల్లో మొదటిదీ మూడోదీ వేద్దాం. సుంకం డబ్బు దేనికి? 1767లో దాన్ని వేసినప్పుడే గవర్నర్లకూ జడ్జీలకూ అందులోంచి జీతాలివ్వవచ్చని రాశారు. అంతకుముందు చాలా వలసల్లో గవర్నర్ జీతం స్థానిక సభ చేతిలో ఉండేది, ఆయన ముక్కుతాడు అదే. జీతం పైనుంచి వస్తే ఆయన ఎవరి మాట వింటాడో వేరే చెప్పాలా? ఎవరిని అడిగారు? ఎవరినీ అడగలేదు. చవక టీ కొన్నారంటే, ఆ 3 పెన్నీలు వేసే హక్కును తలవంచి ఒప్పుకున్నట్టే. పైగా అమ్మే ఏజెన్సీ కొందరికే ఇచ్చారు. బోస్టన్‌లో ఆ కొందరిలో గవర్నర్ హచిన్సన్ కొడుకులు ఇద్దరు.

ఒక జాగ్రత్త. మూడు ప్రశ్నలతో అంతా తేలిపోదు. ఒకే చట్టం ఊరూరా ఒకేలా పేలలేదు. ఫిలడెల్ఫియా నుంచి ఓడ సరుకుతో సహా వెనక్కి వెళ్లిపోయింది. చార్లెస్టన్‌లో టీని దించి గోదాములో పెట్టారు. బోస్టన్‌లో ఓడలు వెనక్కి వెళ్లడానికి గవర్నర్ అనుమతి ఇవ్వలేదు, ఇరవై రోజుల్లో సుంకం కట్టకపోతే సరుకు జప్తు. మొదటి ఓడ డార్ట్‌మౌత్‌కు ఆ గడువు తీరేముందు రాత్రి, 1773 డిసెంబర్ 16న, 342 పెట్టెల టీ నీళ్లపాలైంది. కాబట్టి నాలుగో గడి కూడా గీసుకోండి: అమలు చేసినవాడు ఏం చేశాడు?

ఇంటిపని. పారబోసిన టీకి పరిహారం కట్టేదాకా బోస్టన్ రేవును మూసేస్తూ 1774లో ఒక చట్టం వచ్చింది. ఆ ఏడాదే మసాచుసెట్స్ ఊరి సభలకు గవర్నర్ అనుమతి ఉండాలని ఇంకోటి. రెండింటిలోనూ పన్ను లేదు. పేజీ మూలన రేటు గడిలో ఏం రాస్తారు? అర పేజీ చాలు, రాసి పెట్టుకోండి. వచ్చే పాఠంలో 1774 సెప్టెంబర్‌కు, 12 వలసల ప్రతినిధులు కూర్చున్న ఫిలడెల్ఫియాకు వెళ్తాం. అక్కడ ఆ అర పేజీ కావాలి.