పిల్లర్లు లేని ఇంటి గోడకు కిటికీ, షట్టరు కొట్టే ముందు ఇవి కొలవండి

2024 డిసెంబరు 4 పొద్దున ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూమి కంపించినప్పుడు హైదరాబాద్, విజయవాడ దాకా తెలిసింది. చాలామంది అపార్ట్‌మెంట్ల గురించి కంగారు పడ్డారు, నాకైతే ఇటుక గోడల మీదే స్లాబు వేసిన పాత ఇళ్ల గురించి టెన్షన్. ఆ ఇళ్లలో గోడే పిల్లరు. దానికి కిటికీ కొట్టామంటే పిల్లర్లో కొంత తీసేసినట్టే.

ఒక అగ్గిపెట్టె తీసుకుని లోపలి అరను లాగేయండి. డొల్లను బల్ల మీద పడుకోబెట్టి పైన వేలు పెట్టి పక్కకు తోయండి, ఇట్టే ఒరిగిపోతుంది. అర మళ్లీ లోపలికి నెట్టి తోయండి, గట్టిగా నిలబడుతుంది. తేడా అంతా కొసల్లో ఉన్న ఆ రెండు చిన్న గోడలదే. వీధివైపు గోడ మొత్తం కొట్టేసి మడిగెకు షట్టరు పెట్టిన ఇల్లు ఒక కొస లేని డొల్ల లాంటిది.

నేల ఊగినప్పుడు స్లాబు బరువు దానితో పాటు వెంటనే కదలదు, ఆ లాగుడంతా గోడల మీద పడుతుంది. గోడను పొడవు వెంబడి తోస్తే బాగానే తట్టుకుంటుంది కానీ ముఖం మీద తోస్తే తేలిగ్గా పడిపోతుంది. కిటికీలున్న గోడలో ఆ లాగుడు కిటికీల మధ్య మిగిలిన గోడ ముక్కల గుండానే కిందికి దిగాలి. ముక్క సన్నగా పొడుగ్గా ఉంటే పైనా కిందా అడ్డంగా చీలి అటూ ఇటూ ఊగుతుంది, కాస్త వెడల్పుగా ఉంటే ఐమూలగా పగులుతుంది, నేల ఒకసారి ఇటు ఒకసారి అటు లాగుతుంది కాబట్టి రెండో పగులు మొదటిదాన్ని అడ్డంగా కోసి గుణకారం గుర్తులా తయారవుతుంది. ఆ తర్వాత పక్కల్లో ఉన్న ఇటుకలు విడివడి జారిపోతాయి, పైనున్న బరువుకు ఆధారం ఉండదు.

ఇప్పుడు టేపు తీయండి. ఇటుక కట్టడాలకు మన దేశంలో ఐఎస్ 4326 అనే ప్రమాణం ఉంది. ఒంగోలు, విజయవాడ, భద్రాచలం లాంటి, 2016 నాటి భూకంప ప్రమాద పటంలో జోన్ 3లో (మధ్యస్థ ప్రమాదం) ఉన్న చోట్ల మామూలు ఇళ్లకు అది చెప్పేది ఇది: రెండు అడ్డగోడల మధ్య ఉన్న గోడ పొడవులో ద్వారాలు, కిటికీల వెడల్పులన్నీ కలిపి ఒకే అంతస్తయితే 55 శాతం, రెండంతస్తులైతే 46 శాతం దాటకూడదు. అంటే 12 అడుగుల గోడకు మూడున్నర అడుగుల గుమ్మం, చెరో మూడు అడుగుల కిటికీలు రెండు పెడితే తొమ్మిదిన్నర అడుగులు పోయినట్టే, ఒక్క అంతస్తుకే అనుమతి ఆరున్నర చిల్లర. గది లోపలి మూల నుంచి కిటికీ కనీసం 9 అంగుళాలు ఎడంగా ఉండాలి, రెండు కిటికీల మధ్య గోడ కనీసం ఒకటిన్నర అడుగు ఉండాలి. మూలకు ఆనించి కిటికీ పెట్టడం నాకు అస్సలు నచ్చదు, ఎందుకంటే రెండు గోడలు ఒకదాన్నొకటి పట్టుకునేది అక్కడే.

కొలతలు సరిగ్గా ఉన్నా సరిపోదు. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున వచ్చిన భూకంపానికి మహారాష్ట్రలోని కిల్లారి దగ్గర ఊళ్లకు ఊళ్లు నేలమట్టమయ్యాయి. అక్కడి గోడలు మందపాటి రాతి గోడలే, కిటికీలు చాలా తక్కువ. రాళ్లను పట్టి ఉంచింది మట్టి మాత్రమే, పైన మట్టి మిద్దె బరువు. అందుకే తాళంచెవితో గోడ సందును గీకి చూడండి, సిమెంటో సున్నమో పొడిలా రాలిపోతుంటే ముందు ఆ గోడ సంగతి చూడాలి. కిటికీ మూలల నుంచి ఐమూలగా పోయే పగులు కనిపిస్తే దాని కొసన పెన్సిల్‌తో గీత గీసి తేదీ రాయండి, కొన్ని నెలలకు అది గీత దాటిందంటే సున్నం పూసి దాచకండి, ఇంజనీరును పిలవండి.

కొత్తగా కట్టేవాళ్లు లింటెల్‌ను, అంటే ద్వారం, కిటికీ పైన వేసే కాంక్రీటు దూలాన్ని, కిటికీ మీదికే పరిమితం చేయకుండా ఇంటి చుట్టూ, అన్ని అడ్డగోడల మీదుగా తెగకుండా బెల్టులా పోయించండి. మూలల్లో కడ్డీలు వంచి రెండో గోడలోకి పోవాలి. మేస్త్రీ "ఎందుకండీ దండగ" అంటాడు, ఒప్పుకోకండి. ఉన్న ఇంటికైతే లింటెల్ ఎత్తున గోడకు రెండు వైపులా వెల్డ్‌మెష్ (వెల్డింగ్ చేసిన ఇనుప జాలీ) బిగించి సిమెంటు ప్లాస్టరు చేయించవచ్చు. అక్కర్లేని కిటికీని మూసేటప్పుడు ఇటుకలు ఊరికే నింపేస్తే అవి విడిగానే ఉండిపోతాయి, పాత గోడ అంచున వరస విడిచి వరస ఇటుకలు తీసి పళ్లలా చేసి అందులోకి కలిపి కట్టాలి.

షట్టరు తప్పదంటే ఇంజనీరు చెప్పిన చోట, చెప్పినంతే. కొట్టే ముందు స్లాబు కింద జాకీలు నిలపాలి, తెరిచిన చోట చుట్టూ కాంక్రీటు ఫ్రేము వేసి, అది గట్టిపడి ఇంజనీరు సరేనన్నాకే జాకీలు తీయాలి.