కథ రాయడం నేర్చుకుందాం – 5: పాత్రల మాటలు

పోయిన పాఠంలో కథ ఎవరి కళ్లతో చెప్పాలో చూశాం. ఒకే గదిని ఇద్దరు మనుషుల చూపులోంచి రాయమన్నాను. అది రాయకపోతే ముందు రాసి రండి, ఈ పాఠం చివర ఆ గదితో మళ్లీ పనుంది.

ఈసారి సంభాషణ. కొత్తగా రాసేవాళ్ల కథల్లో పాత్రలు ఒకరితో ఒకరు మాట్లాడుకోవు, పాఠకుడికి సమాచారం అందిస్తుంటాయి. నేనూ చాలాకాలం అలాగే రాశాను. ఇది చూడండి:

"అన్నయ్యా, నాన్న పోయి రెండేళ్లయింది. అప్పుడు నువ్వు నా దగ్గర తీసుకున్న అప్పు ఇంకా తీర్చలేదు. నాకు చాలా కోపంగా ఉంది."

"ఏం చెయ్యనురా, ఉద్యోగం పోయింది కాబట్టి తీర్చలేకపోయాను."

తండ్రి పోయి రెండేళ్లయిన సంగతి అన్నకు తెలియదా? ఇద్దరికీ తెలిసిన విషయాన్ని పూసగుచ్చినట్టు చెప్పుకుంటున్నారంటే, అక్కడ మాట్లాడుతున్నది రచయితే. పైగా నిజంగా కోపం వచ్చినవాడు "నాకు కోపంగా ఉంది" అనడం తక్కువ. అడిగినదానికి కాకుండా ఇంకోదానికి జవాబు చెబుతాడు, లేదా ముక్తసరిగా మాట్లాడతాడు. అదే ఘట్టం ఇంకోలా:

తమ్ముడు గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"లోపలికి రారా, అక్కడే నిలబడ్డావేం?"

"ఫర్వాలేదు. మీరేదో పనిలో ఉన్నట్టున్నారు."

అన్న చేతిలోని పేపరు మడిచాడు. వాడు తనని ఎప్పుడూ 'మీరు' అన్నది లేదు.

"వచ్చే నెలలో ఎలాగైనా..."

"నేనేమీ అడగలేదు కదండీ."

అప్పు అన్న మాటే రాలేదు. కోపం అన్న మాటా లేదు. అయినా రెండూ తెలుస్తున్నాయి. 'నువ్వు' కాస్తా 'మీరు' అయింది, చివరికి 'అండీ' కూడా చేరింది. అన్నదమ్ముల మధ్య ఎంత దూరం పెరిగిందో అక్కడే ఉంది. తెలుగులో రాసేవాళ్లకు ఇది పెద్ద ఆస్తి అని నా నమ్మకం. ఏరా, నువ్వు, మీరు, ఏమండీ, గారు... ఒక్కో పిలుపుకీ ఒక్కో దూరం. పిలుపు మారినచోట కథ కదులుతుంది. 'మీరు' నుంచి 'నువ్వు'కి దిగడం ప్రేమ కావచ్చు, అవమానం కావచ్చు. ఏదో చెప్పేది ఆ సందర్భమే. అందుకే సంభాషణ మొదలుపెట్టే ముందు ఎవరు ఎవర్ని ఎలా పిలుస్తారో ఒక కాగితం మీద రాసుకోండి. అనుకోకుండా మారిపోతే మాత్రం పాఠకుడు తికమకపడతాడు.

'అన్నాడు' అనే మాటంటే భయం వద్దు. అది పదిసార్లు వచ్చినా కంటికి అడ్డం రాదు. దాని బదులు వాపోయాడు, గర్జించాడు, పలికాడు అని మార్చుకుంటూ పోతే చూపంతా వాటి మీదకే పోతుంది. ఒక చిక్కు మాత్రం ఉంది. ఒక ఆడ, ఒక మగ మాట్లాడుకుంటుంటే 'అంది', 'అన్నాడు' అనే క్రియలే మనిషిని చెప్పేస్తాయి. ఇద్దరు మగవాళ్లైతే ఆ సాయం ఉండదు, అప్పుడప్పుడు పేరో చిన్న కదలికో ఇవ్వాలి. పైన పేపరు మడవడం అందుకే.

యాస విషయానికొస్తే, మీరు చెవులారా విన్నదే రాయండి. ప్రతి అక్షరం విరిచి రాయక్కర్లేదు. రెండు మూడు మాటలు, వాక్యం విరుపు చాలు.

కథ సంభాషణతోనే మొదలుకావచ్చా అని కొందరికి అనుమానం. నిరభ్యంతరంగా. 1910 నాటి గురజాడ 'దిద్దుబాటు' మొదలయ్యేదే తలుపు తీయమనే పిలుపుతో. పిలిచేది ఎవరో ఆ తర్వాతే తెలుస్తుంది.

ఇక అభ్యాసం. పోయినసారి రాసిన గదిలోకి ఆ ఇద్దర్నీ తీసుకురండి. ఒకరికి రెండోవాళ్ల నుంచి ఏదో కావాలి, కానీ అదేమిటో పేరు పెట్టి అడగకూడదు. ఇరవై వాక్యాల లోపు రాయండి. ఎక్కడో ఒకచోట పిలుపు మారాలి. రాశాక పైకి చదివి ఫోన్‌లో రికార్డ్ చేసుకుని వినండి. నాలుక తడబడినచోట వాక్యం తిరగరాయండి. తర్వాత మొదటి మూడు వాక్యాలు కొట్టేసి చూడండి. చాలాసార్లు అసలు ఘట్టం నాలుగో వాక్యం దగ్గరే మొదలవుతుంది. కొట్టేసిన కాగితం మాత్రం పారేయకండి, కథలో కాలాన్ని దాటించడం గురించి చెప్పుకునే ఆరో పాఠంలో అది కావాలి.